నాచ్ సిగ్నలింగ్: తగ్గితే ఒక జబ్బు, పెరిగితే ఇంకో జబ్బు. ఎందుకిలా?

కొత్తపిపెట్
రెండు ప్రశ్నలండీ.

ఒకటి: నాచ్1 (పక్క కణం నుంచి సిగ్నల్ అందుకునే రిసెప్టర్) బాగా ఉన్న కణాలకు దాని లైగాండ్, అంటే దానికి అతుక్కునే ప్రోటీన్, రీకాంబినెంట్ డీఎల్‌ఎల్4-ఎఫ్‌సీని నేరుగా మీడియాలో కలిపితే హెస్1 (నాచ్ మేలుకుంటే పెరిగే జీన్) కదలడం లేదు. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము నుంచి 10 దాకా పెంచినా అంతే. పైగా 10 దగ్గర ఏమీ కలపని వెల్ కన్నా కాస్త కిందికే పోతోంది. ప్రోటీన్ చెడిపోయిందనుకోవాలా?

రెండు: టీ-కణాల ల్యుకేమియాలో నాచ్1 ఆంకోజీన్ (కాన్సర్‌ను పెంచేది), చర్మంలో అదే జీన్ ట్యూమర్ సప్రెసర్ (కాన్సర్‌ను అడ్డుకునేది) అంటారు. రిసెప్టర్ ఒకటే, దారి ఒకటే. రెండూ ఎలా కుదురుతాయి?

ఈగలగది
ప్రోటీన్ చెడిపోలేదు. అలా కలిపితే రావలసిన ఫలితమే వచ్చింది. నాచ్‌కు లైగాండ్ వచ్చి అతుక్కుంటే చాలదు, దాన్ని పట్టుకుని లాగాలి.

రిసెప్టర్ బయటి భాగమంతా ఈజీఎఫ్ రిపీట్లు, అంటే వరసగా పేర్చిన ఒకేలాంటి చిన్న మడతలు: నాచ్1, నాచ్2లలో 36, నాచ్3లో 34, నాచ్4లో 29. వాటి కింద, పొరకు దగ్గరగా, నెగెటివ్ రెగ్యులేటరీ రీజియన్ ఉంటుంది. ఏడామ్10 ఎంజైము కోయాల్సిన చోటు దాని మడతల్లో దాక్కుని ఉంటుంది, లోపల గొళ్ళెం పెట్టిన తలుపులాగా. పక్క కణం మీది లైగాండ్, డెల్టా (డీఎల్‌ఎల్) గానీ జాగ్డ్ (జాగ్) గానీ, ముఖ్యంగా 11, 12వ రిపీట్ల దగ్గర పట్టుకుంటుంది. అప్పుడు ఆ పక్క కణంలో మైండ్‌బాంబ్ లైగేజు లైగాండ్ తోకకు యుబిక్విటిన్ తగిలిస్తుంది. ఎండోసైటోసిస్ మొదలై లైగాండ్ లోపలికి పోతూ రిసెప్టర్‌ను తనవైపు గుంజుతుంది. కావలసిన బలం కొద్ది పికోన్యూటన్లే, కానీ అది ఉండి తీరాలి. మడత విడిపోగానే ఏడామ్10 కోస్తుంది. మిగిలిన ముక్కను గామా-సెక్రటేజ్ పొర లోపలే కోస్తుంది. విడిపడిన లోపలి ముక్క (ఎన్‌ఐసీడీ) కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద కూర్చునే ఆర్‌బీపీజే, దాని తోడు మాస్టర్‌మైండ్‌ ప్రోటీన్లతో జతకట్టి జీన్లను నడిపిస్తుంది.

మీడియాలో తేలే డీఎల్‌ఎల్4కి వెనక లాగే కణమే లేదు. అది రిసెప్టర్‌ను ఆక్రమించి కూర్చుంటుంది, పక్క కణాల అసలు లైగాండ్‌కు చోటివ్వదు. 10 మైక్రోగ్రాముల దగ్గర సిగ్నల్ తగ్గింది అందుకే. లైగాండ్‌ను ప్లేటుకు అతికించండి, పని చేస్తుంది.

జెల్_బ్యాండ్
ప్లేటు కోటింగ్ వివరాలు చెబుతాను, ఎందుకంటే సగం ప్రయోగాలు ఇక్కడే పోతాయి.

డీఎల్‌ఎల్4-ఎఫ్‌సీ మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఉత్త పీబీఎస్‌లో. బీఎస్‌ఏ, సీరమ్ లాంటివి ఏవీ ఆ దశలో ఉండకూడదు, ఉంటే ప్లాస్టిక్ మీద చోటంతా అవే ఆక్రమిస్తాయి. 96 వెల్ ప్లేటుకు 50 మైక్రోలీటర్లు, 24 వెల్‌కు 250. 37 డిగ్రీల దగ్గర 2 గంటలు, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. పీబీఎస్‌తో రెండుసార్లు మెల్లగా కడగండి. మధ్యలో వెల్ ఆరిపోతే ఆ వెల్‌ను లెక్కలోంచి తీసేయండి. తర్వాత 1 శాతం బీఎస్‌ఏతో అరగంట బ్లాక్ చేసి కణాలు వేయండి. తేలుతూ పెరిగే కణాలైతే రెట్రోనెక్టిన్ (కణాలను అతికించే ప్రోటీను) కూడా కలిపి కోట్ చేస్తే అడుగున నిలుస్తాయి.

కంట్రోళ్లు మూడు తప్పనిసరి: అదే మోతాదులో మనిషి ఐజీజీ1-ఎఫ్‌సీ కోటింగ్, లైగాండ్ కోటింగ్ + డాప్ట్ (గామా-సెక్రటేజ్‌ను ఆపే రసాయనం) 10 మైక్రోమోలార్, లైగాండ్ కోటింగ్ + అంతే డీఎమ్‌ఎస్‌ఓ (డాప్ట్‌ను కరిగించే ద్రావకం). డీఎమ్‌ఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకండి.

ఇంకో మాట. కణాలను లేపడానికి ట్రిప్సిన్-ఈడీటీఏ వాడుతున్నారా?

కొత్తపిపెట్
అవునండీ, మామూలుగా వాడేదే. లేపాక గంటకే మొదటి శాంపిల్.

జెల్_బ్యాండ్
అయితే బేస్‌లైనే తప్పు. నెగెటివ్ రెగ్యులేటరీ రీజియన్ మడతలను పట్టి ఉంచేది కాల్షియం. ఈడీటీఏ దాన్ని లాగేసుకుంటే మడత దానంతటదే విడిపోతుంది, లైగాండ్ అక్కర్లేకుండానే ఏడామ్10 కోస్తుంది. అంటే కణాలను లేపిన ప్రతిసారీ నాచ్‌ను మీరే ఆన్ చేస్తున్నారు. ఆ పెరిగిన మట్టంతో పోల్చి «లైగాండ్ పనిచేయలేదు» అనుకుంటారు.

రెండు దార్లున్నాయి. లేపేటప్పుడు, కడిగేటప్పుడు డాప్ట్ ఉంచి, కణాలు అతుక్కున్నాక కడిగేసి అక్కణ్ణుంచి సమయం లెక్కపెట్టడం. లేదా 24 గంటలు ఆగి శాంపిల్ తీయడం. మొదటిదే మేలు.

ఇదే గుణాన్ని మంచికీ వాడుకోవచ్చు. ఈడీటీఏ 10-15 నిమిషాలు పెట్టి, తీసేసి, మామూలు మీడియా పోస్తే తోటి కణం అక్కర్లేని పాజిటివ్ కంట్రోల్ దొరుకుతుంది. డాప్ట్ పెట్టిన వెల్‌లో అది రాకూడదు.

ప్రొమోటర్
హెస్1 ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి. హెస్1 తన ప్రొమోటర్‌ను తానే అణచుకుంటుంది. ప్రోటీను, ఎంఆర్‌ఎన్‌ఏ రెండూ త్వరగా కరిగిపోతాయి. దాంతో అది అలలా పెరిగి తగ్గుతుంటుంది, ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లో సుమారు 2 గంటలకో అల. 4 గంటల దగ్గర శాంపిల్ తీస్తే లోయలో పడొచ్చు, 5 గంటలకు తీస్తే శిఖరం మీద పడొచ్చు. పైగా నాచ్‌తో నిమిత్తం లేకుండా వేరే దారులు కూడా హెస్1ను పెంచుతాయి.

హెస్1 పక్కన నాచ్ నడిపించే ఇంకో మూడు జీన్లు, ఎన్‌ఆర్‌ఏఆర్‌పీ, హే1, డీటీఎక్స్1 పెట్టండి. నా లెక్కలో ఎన్‌ఆర్‌ఏఆర్‌పీ అన్నిటికన్నా నిజం చెబుతుంది. ఆర్‌బీపీజే సైట్లు వరసగా పెట్టిన లూసిఫెరేజ్ రిపోర్టర్ (నాచ్ మేలుకుంటే వెలుగు ఇచ్చే ప్లాస్మిడ్) ఉంటే ఇంకా మంచిది, కాకపోతే ఆ సైట్లను చెడగొట్టిన జంట ప్లాస్మిడ్ కూడా పక్కన నడవాలి.

ఏది నేరుగా లక్ష్యం, ఏది దాని తర్వాతది అని తేల్చాలంటే వాషౌట్ చేయాలి. గామా-సెక్రటేజ్ ఇన్‌హిబిటర్‌లో ఉంచి, కడిగేసి, సైక్లోహెక్సిమైడ్ సమక్షంలో 2 నుంచి 4 గంటల్లో ఏవి పెరిగాయో చూడటం. కొత్త ప్రోటీను తయారు కాకుండానే పెరిగితే అది ఎన్‌ఐసీడీ పనే.

కణద్రవ్యం
డాప్ట్ పెడితే పోయింది కాబట్టి నాచ్ అనేయడం కూడా తొందరే. గామా-సెక్రటేజ్ కోసే ప్రోటీన్లు వందకు పైనే: ఏపీపీ, ఈ-క్యాడ్‌హెరిన్, సీడీ44, ఈఆర్‌బీబీ4, ఇంకా ఎన్నో. డామినెంట్ నెగెటివ్ మాస్టర్‌మైండ్‌తో (అసలు మాస్టర్‌మైండ్‌ను పనిచేయనివ్వని మార్చిన రూపంతో) కూడా అదే ఫలితం రావాలి.

ప్రొమోటర్
ఒప్పుకుంటాను. ఆర్‌బీపీజేను నాకౌట్ చేసి చూస్తామనే వాళ్లకు మాత్రం హెచ్చరిక: ఎన్‌ఐసీడీ లేనప్పుడు ఆర్‌బీపీజే కొన్ని జీన్లను అణచి ఉంచుతుంది. ఆర్‌బీపీజేనే తీసేస్తే ఆ అణచివేత పోయి కొన్ని లక్ష్యాలు పెరుగుతాయి కూడా. రిసెప్టర్ తీసేసినదానికి, ఆర్‌బీపీజే తీసేసినదానికి ఫలితం ఒకటే అని అనుకోకూడదు.

కొత్తపిపెట్
వెస్టర్న్‌లో (జెల్ మీద యాంటీబాడీతో ప్రోటీన్‌ను చూసే పద్ధతి) ఎన్‌ఐసీడీ చూడాలంటే? నాచ్1 సీ-టెర్మినల్ యాంటీబాడీ ఉంది. బ్యాండ్ డాప్ట్ పెట్టినా పోవడం లేదు.

జెల్_బ్యాండ్
పోదు. ఏ ఉద్దీపనా లేకపోయినా పొరకు అతుక్కుని ఉండే ముక్క, అంటే గాల్జీలో ఫ్యూరిన్ కోసిన తర్వాతి భాగం, సుమారు 120 కిలోడాల్టన్లు. ఎన్‌ఐసీడీ సుమారు 110. సీ-టెర్మినల్ యాంటీబాడీ రెండింటినీ పట్టుకుంటుంది, మామూలు గ్రేడియంట్ జెల్‌లో రెండూ కలిసిపోతాయి. గామా-సెక్రటేజ్ కోసిన తర్వాతే బయటపడే కొసను గుర్తించే యాంటీబాడీ కావాలి, వాలీన్ 1744 అనేదే అది. ఆ అంకె ఎలుక నాచ్1ది, మనిషిలో అదే చోటు 1754; యాంటీబాడీ రెంటికీ పనిచేస్తుంది.

6 శాతం జెల్, తీరిగ్గా నడపండి. కణాలను ప్లేటులోనే వేడి ఎస్‌డీఎస్ బఫర్‌తో కరిగించండి. ఎన్‌ఐసీడీ ఎక్కువసేపు బతకదు: సీడీకే8 దాని పెస్ట్ భాగానికి (ప్రోటీన్‌ను త్వరగా నాశనం చేయించే తోక) ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఎఫ్‌బీఎక్స్‌డబ్ల్యూ7 యుబిక్విటిన్ వేస్తుంది, ప్రోటియాసోము మింగేస్తుంది. ప్రోటియాసోమును ఆపే ఎంజీ132 10 మైక్రోమోలార్ 2-4 గంటలు పెడితే బ్యాండ్ స్పష్టమవుతుంది. వాలీన్ 1744 బ్యాండ్ డాప్ట్‌తో మాయం కాకపోతే అది ఎన్‌ఐసీడీ కాదు, ఇంకేదో.

వెన్నుపూస
మొదటి పోస్టులోని రెండో ప్రశ్నకు వెళ్లేముందు పిండం దగ్గర ఒక విషయం చెప్పాలి. ఈ దారిలో సిగ్నల్‌ను పెంచే అంచె ఎక్కడా లేదు. కైనేజులతో నడిచే దారుల్లో ఒక రిసెప్టర్ మేలుకుంటే కింద వందల అణువులు మేలుకుంటాయి. నాచ్‌లో ఒక రిసెప్టర్ కోయబడితే ఒక ఎన్‌ఐసీడీ, అంతే. ఆ రిసెప్టర్ మళ్లీ పనికిరాదు. అందుకే జీన్ కాపీల సంఖ్య నేరుగా శరీరం మీద కనబడుతుంది.

ఈగలో నాచ్ ఒక కాపీ పోతే రెక్క అంచున గాట్లు. మోర్గాన్ ల్యాబులో 1914 ప్రాంతంలోనే చూశారు. అదే జీన్ ఒక కాపీ ఎక్కువైతే రెక్క ఈనెలు దళసరెక్కుతాయి. మనిషిలో జాగ్1 ఒక కాపీ చెడితే అలాజిల్ సిండ్రోమ్, కాలేయం, గుండె, వెన్ను, కళ్ల మీద కనబడే పుట్టుకజబ్బు. నాచ్2 చివరి ఎక్సాన్‌లో ప్రోటీన్ తెగిపోయి పెస్ట్ భాగం ఊడితే ఎన్‌ఐసీడీ ఎక్కువసేపు బతికి హజ్దు-చీనీ సిండ్రోమ్, ఎముకలు కరిగే జబ్బు. అదే నాచ్2 పనిచేయకుండా పోతే మళ్లీ అలాజిల్. ఒకే జీన్, రెండు కొసలా రెండు జబ్బులు.

వెన్నుపూసల విషయానికొస్తే, అక్కడ మట్టంతో పాటు సమయం కూడా ముఖ్యం. సోమైట్లు (పిండంలో వెన్నుపూసలకు మూలమైన ముక్కలు) ఏర్పడేటప్పుడు హెస్7, లూనటిక్ ఫ్రింజ్ లాంటి జీన్లు గడియారంలా ఆడతాయి. ఒక్కో సోమైట్‌కు జీబ్రా చేపలో సుమారు 30 నిమిషాలు, కోడి పిండంలో 90, ఎలుకలో 2 గంటలు, మనిషిలో 5 గంటల చుట్టుపక్కల. హెస్7 తనను తాను అణచుకోవడానికి కొంత ఆలస్యం కావాలి. ఆ ఆలస్యంలో ఒక వాటా ఇంట్రాన్లది. ఎలుకలో హెస్7 ఇంట్రాన్లన్నీ తీసేస్తే ప్రోటీన్ ఏమీ మారదు, అయినా అలలు ఆగిపోయి వెన్నుపూసలు, పక్కటెముకలు అతుక్కుపోతాయి. మనుషుల్లో డీఎల్‌ఎల్3, ఎంఈఎస్‌పీ2, ఎల్‌ఎఫ్‌ఎన్‌జీ, హెస్7లలో రెండు కాపీలూ చెడితే వచ్చే స్పాండిలోకాస్టల్ డిసాస్టోసిస్ అదే కోవ.

ఈగలగది
దీనికి ఒకటి జోడిస్తాను. పుస్తకాలు చదివినవాళ్లు నాచ్ అంటే పక్కవాడిని నాలా కానివ్వకపోవడం అని గుర్తుపెట్టుకుంటారు. సిగ్నల్ అందుకున్న కణం తన డెల్టాను తగ్గించుకుంటుంది, కాబట్టి చిన్న తేడా పెరిగి పెరిగి ఒకటి నాడీకణం, చుట్టూ ఉన్నవి మామూలు కణాలు అవుతాయి. లోపలి చెవిలో రోమకణాలు, సహాయక కణాలు ఒకటి విడిచి ఒకటి అమరేది ఇలాగే. ఒకే కణంలో ఉన్న లైగాండ్ తన సొంత రిసెప్టర్‌ను అడ్డుకోవడం ఆ తేడాను ఇంకా పదునుపెడుతుంది.

కానీ ధమని గోడలో కథ తిరగబడుతుంది. అక్కడ సిగ్నల్ అందుకున్న నునుపు కండరకణం జాగ్1ను పెంచుకుంటుంది, దాన్ని పక్కదానికి అందిస్తుంది. అన్నీ ఒకేలా అవుతాయి. ఫీడ్‌బ్యాక్ గుర్తు ప్లస్సా మైనస్సా అన్నదాన్ని బట్టి నమూనా మారుతుంది, మిగతా యంత్రాంగమంతా అదే.

పాథాలజీ_స్లైడ్
అలాజిల్ మాట వచ్చింది కాబట్టి బయాప్సీ దగ్గర జరిగే పొరపాటు చెబుతాను. పిత్తనాళాలు తగ్గిపోవడం పుట్టగానే కనబడాలని లేదు. ఆరు నెలల లోపు పసివాళ్లలో నాళాలు మామూలుగానే ఉండొచ్చు, కొన్నిసార్లు నాళాలు పెరిగినట్టు కూడా కనిపిస్తాయి. కామెర్లు, తెల్లటి మలం, పెరిగిన జీజీటీ (కాలేయ ఎంజైము) చూసి బిలియరీ అట్రేసియా (పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు) అనుకుని దానికి చేసే కసాయ్ ఆపరేషన్‌కు వెళ్తే బిడ్డకు లాభం లేదు, నష్టమే ఎక్కువ.

కనీసం 10 పోర్టల్ ట్రాక్టులు (కాలేయంలో పిత్తనాళం, రక్తనాళాలు కలిసి ఉండే చోట్లు) లెక్కపెట్టాలి. నాళాలు, ట్రాక్టుల నిష్పత్తి 0.5 కన్నా తక్కువైతే తగ్గినట్టు. కంటితో నాళమా కాదా అని సందేహమొస్తే సైటోకెరాటిన్ 7, 19 మరకలు వేయండి. ఆపరేషన్ గదికి ముందే గుండె ఎకో (పల్మనరీ ధమని సన్నబడటం), వెన్ను ఎక్స్‌రే (సీతాకోకచిలుక ఆకారపు పూస), కంటికి స్లిట్ ల్యాంప్ చూసుకోవాలి. పోస్టీరియర్ ఎంబ్రియోటాక్సాన్ (కంటి కార్నియా అంచున గీత) ఒక్కటే ఉంటే బలమైన సాక్ష్యం కాదు, ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి ఉంటుంది.

జన్యుపరీక్షలో 90 శాతానికి పైగా జాగ్1, కొద్దిమందిలో నాచ్2. సీక్వెన్సింగ్‌లో ఏమీ దొరక్కపోతే డిలీషన్ పరీక్ష మరవొద్దు, మొత్తం జీన్ ఊడిపోయినవీ ఉంటాయి.

వంశవృక్షం
మ్యుటేషన్‌ను బట్టి కాలేయం ఎంత దెబ్బతింటుందో చెప్పగలమా అని తల్లిదండ్రులు అడుగుతారు. చెప్పలేం. ఒకే కుటుంబంలో ఒకే మార్పుతో ఒకరికి కాలేయ మార్పిడి, ఇంకొకరికి కంటిలో గీత మాత్రమే. అందుకే బిడ్డలో దొరికాక తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయాలి, వాళ్లకు ఏ లక్షణమూ లేకపోయినా సరే. దురదకు పేగులో పిత్తామ్లాలు తిరిగి పీల్చుకోకుండా ఆపే మరాలిక్సిబాట్‌కు 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దురద తగ్గుతుంది, జాగ్1 లోటు తీరదు.

కొత్తపిపెట్
అయితే నాచ్3లో ఒక కాపీ చెడి వచ్చే కాడసిల్ (మెదడు చిన్న రక్తనాళాలు దెబ్బతిని పక్షవాతం తెచ్చే వంశపారంపర్య జబ్బు) కూడా ఇలాంటి లోటేనా?

వంశవృక్షం
కాదు, ఇక్కడే రిపోర్టులు తప్పుగా చదువుతారు. ఒక్కో ఈజీఎఫ్ రిపీట్‌లో 6 సిస్టీన్లు ఉంటాయి, రెండేసి జతకట్టి మూడు బంధాలు. కాడసిల్ మ్యుటేషన్ ఒక సిస్టీన్‌ను తీసేస్తుంది, లేదా కొత్తగా ఒకదాన్ని తెస్తుంది. 5 అయినా 7 అయినా జత లేనిది ఒకటి మిగులుతుంది. ఆ జతలేని సిస్టీన్ వల్ల నాచ్3 బయటి భాగం రక్తనాళాల గోడలో ముద్దకట్టి పేరుకుంటుంది. 1996లో జీన్ గుర్తించినప్పటినుంచీ కనబడుతున్న నమూనా ఇదే.

కాబట్టి నాచ్3లో ఒక కాపీలో స్టాప్ కోడాన్ కనబడితే దాన్ని కాడసిల్ అని రాయకూడదు. చూడాల్సింది ఎక్సాన్ 2 నుంచి 24 వరకు, సిస్టీన్ లెక్క మారిందా లేదా. మారకపోతే చాలా జాగ్రత్తగా మాట్లాడాలి. మారితే ఏ రిపీట్‌లో అన్నది చూడండి: 1 నుంచి 6 రిపీట్లలో ఉంటే పక్షవాతం ముందుగా వచ్చే అవకాశం ఎక్కువ, 7 నుంచి 34 అయితే సగటున ఆలస్యం, కొందరికి ముసలితనం దాకా ఏమీ రాదు. జనాభా డేటాబేసుల్లో సిస్టీన్ మార్పులు సుమారు 300 మందిలో ఒకరికి దొరుకుతాయి, అంతమందికి జబ్బు లేదు. మార్పు దొరికింది అన్న ఒక్క కారణంతో ఆరోగ్యంగా ఉన్న మనిషిని భయపెట్టొద్దు.

ఎమ్మారైలో టెంపొరల్ లోబ్ ముందు కొసలో, ఎక్స్‌టర్నల్ క్యాప్సూల్‌లో తెల్లపదార్థం మార్పులుంటే అనుమానం బలపడుతుంది. తేలనప్పుడు చర్మం బయాప్సీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కండరకణాల పక్కన గ్రాన్యులర్ ముద్దలు వెతకాలి. చిన్న రక్తనాళాలు తగినన్ని లేని ముక్కలో ముద్దలు లేవని రాస్తే ఆ నెగెటివ్‌కు విలువ లేదు.

పాథాలజీ_స్లైడ్
ఇక కాన్సర్. టీ-కణాల అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో సగానికి పైగా నాచ్1 మ్యుటేషన్లు ఉంటాయని 2004లో తేలింది. రెండు చోట్ల చూడాలి: ఎక్సాన్ 26, 27లో గొళ్ళెం వదులయ్యే మార్పులు, ఎక్సాన్ 34లో పెస్ట్ ఊడగొట్టేవి. మొదటి రకంలో లైగాండ్ లేకుండానే కోత జరుగుతుంది, రెండో రకంలో ఎన్‌ఐసీడీ చావదు. రెండూ ఒకే కాపీ మీద ఉంటే సిగ్నల్ విపరీతం. నాచ్1లో పెస్ట్ బాగున్నా ఎఫ్‌బీఎక్స్‌డబ్ల్యూ7 చెడితే ఫలితం అదే, కాబట్టి ప్యానెల్‌లో అదీ ఉండాలి.

దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియాలో ఎక్సాన్ 34లో సీటీ అనే రెండు బేసులు పోవడమే ఎక్కువ. తక్కువ కణాల్లో ఉన్నప్పుడు సాంగర్ సీక్వెన్సింగ్ దాన్ని పట్టుకోలేదు.

చర్మం, తల-మెడ స్క్వామస్ కాన్సర్లలో మాత్రం మార్పులు నాచ్‌ను పనిచేయనివ్వనివి. ఈజీఎఫ్ రిపీట్లలో అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటాయి, మధ్యలో స్టాప్ కోడాన్లు. మ్యుటేషన్ల పటం చూస్తేనే ఏ వైపో తెలిసిపోతుంది.

ప్రొమోటర్
ఎందుకు తిరగబడుతుందంటే, ఎన్‌ఐసీడీ తనంతట తాను డీఎన్‌ఏను పట్టుకోదు. ఆర్‌బీపీజే కూర్చున్న చోటికే పోతుంది, ఆ చోటు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఆ కణజాతిలోని మిగతా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఎప్పుడో నిర్ణయించేశాయి. టీ-కణ పూర్వీకుల్లో కణవిభజనను తోసే మిక్ జీన్‌కు పది లక్షల బేసులకు పైగా దూరంలో ఒక ఎన్‌హాన్సర్ (జీన్‌ను పెంచే డీఎన్‌ఏ భాగం) తెరిచి ఉంటుంది, ఎన్‌ఐసీడీ అక్కడ కూర్చుని మిక్‌ను పెంచుతుంది. పెరుగుదల. చర్మకణంలో అదే ఎన్‌ఐసీడీ పీ21ను పెంచి, విభజన ఆపించి, ముదరమంటుంది. పేగులో ఏటీఓహెచ్1ను అణచి, స్రావకణం కాకుండా ఆపుతుంది.

అన్నవాహిక ఇంకా విచిత్రం. నడివయసు దాటేసరికి మామూలు పైపొరలో పెద్ద భాగం నాచ్1 చెడిన కణాలదే అవుతుంది. కానీ అక్కడి కాన్సర్లలో నాచ్1 మార్పు అంతకన్నా తక్కువగా ఉంటుంది. మార్పు కనబడింది కాబట్టి అదే కారణం అనే తర్కం ఇక్కడ చెల్లదు.

మాత్రామానం
మందుల సంగతి కూడా ఈ లెక్కే చెబుతుంది. గామా-సెక్రటేజ్ ఇన్‌హిబిటర్లను ల్యుకేమియాకు ఇస్తే ముందు దెబ్బతినేది పేగు: నాచ్1, నాచ్2 రెండూ ఆగిపోయి పేగు గోడలోని గుంతలు (క్రిప్టులు) అన్నీ జిగురు స్రవించే గాబ్లెట్ కణాలతో నిండుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే విడతలుగా ఇవ్వడం, డెక్సామెథసోన్‌తో కలిపి ఇవ్వడం ప్రయత్నించారు. అల్జీమర్స్‌కు పరీక్షించిన ఇదే రకం మందు సెమగాసెస్టాట్‌ను 2010లో ఆపేశారు. జ్ఞాపకశక్తి బాగుపడలేదు సరికదా, చర్మ కాన్సర్లు పెరిగాయి. పై పోస్టులో చర్మం గురించి చెప్పింది గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

డెస్మాయిడ్ ట్యూమర్లకు (వేరే చోట్లకు పాకని, కానీ చుట్టూ చొచ్చుకుపోయే గడ్డలు) ఇదే రకం మందు నిరోగాసెస్టాట్ 2023 నవంబరులో అమెరికాలో అనుమతి పొందింది, 150 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. విరేచనాలు, ఫాస్ఫేటు తగ్గడంతోపాటు పిల్లలు కనే వయసు స్త్రీలలో అండాశయం పనితీరు దెబ్బతినడం చాలా ఎక్కువ. మొదలుపెట్టకముందే ఆ విషయం మాట్లాడాలి.

డీఎల్‌ఎల్3ని ఈ జాబితాలో కలపకండి. మామూలు కణాల్లో అది చాలామటుకు గాల్జీలోనే ఉండిపోతుంది. స్మాల్ సెల్ లంగ్ కాన్సర్ కణాల మీద మాత్రం బయటికి వస్తుంది. 2024 మేలో అనుమతి వచ్చిన టార్లటమాబ్ దాన్ని టీ-కణాలకు గుర్తుగా వాడుకుంటుందంతే, నాచ్ సిగ్నల్‌ను ఆపడం దాని పని కాదు.

కొత్తపిపెట్
కోటింగ్ ప్లేటు, లేపేటప్పుడు డాప్ట్, ఎన్‌ఆర్‌ఏఆర్‌పీ, వాలీన్ 1744. ఇంకేమైనా వదిలేశానా?

జెల్_బ్యాండ్
కణాల సాంద్రత. ఒత్తుగా వేస్తే పక్కపక్క కణాల సొంత లైగాండ్లే సిగ్నల్ ఇచ్చేస్తాయి, ఐజీజీ వెల్‌లో కూడా ఎన్‌ఐసీడీ కనబడుతుంది. అడుగు మూడో వంతు నిండేలా వేయండి. ఆ కణాల్లో ఫ్రింజ్ (నాచ్‌కు చక్కెర తగిలించే ఎంజైము) ఎంత ఉందో కూడా ఒకసారి క్యూపీసీఆర్ చేసుకోండి. లూనటిక్ ఫ్రింజ్ ఎక్కువుంటే నాచ్1 డెల్టా వైపు మొగ్గుతుంది, జాగ్1 కోటింగ్‌కు స్పందన పడిపోతుంది. డీఎల్‌ఎల్4తో వచ్చి జాగ్1తో రాకపోతే ముందు అక్కడ వెతకండి.